మరక లేని బండి

జీతాల రిజిస్టరులో ఆయనకు ఒక పేరుంది గానీ, ల్యాబ్‌లో అందరూ బొంగరం అంటారు. ఎదుటే అంటారు, ఆయనా పలుకుతాడు. కుర్చీ చూపించి కూర్చోమంటే "పరవాలేదండీ" అని కుర్చీ వీపు పట్టుకుని నిలబడే మనిషి. టీ నిలబడి తాగుతాడు. అన్నం మధ్యలో రెండుసార్లు లేచి, ఒకసారి కిటికీ లోంచి బండిని, ఇంకోసారి గోడ గడియారాన్ని చూసి వస్తాడు. పెళ్లి ఆల్బంలో సగం ఫొటోల్లో కదిలిపోయి పెళ్లికొడుక్కి రెండు ముక్కులున్నాయని ఆయన భార్య ఇప్పటికీ వచ్చినవాళ్లకు చూపించి నవ్వుతుంది. కాలుగాలిన పిల్లిని నేను ఎన్నడూ చూడలేదు గానీ, ఈయన్ని చూశాను కాబట్టి ఆ లోటు తెలియలేదు.

అలాంటి మనిషికి అలాంటి ఉద్యోగమే దొరికింది. ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తీసుకురావాలి. పొద్దున్న ఆరింటికి మోటార్‌సైకిల్ మీద బయల్దేరితే పదింటిలోపు పద్దెనిమిది ఇళ్లు. మనిషి మొత్తం కుదురు లేకపోయినా, సూది పట్టుకున్న ఆ అరనిమిషం మాత్రం ఆయన చెయ్యి రాయిలా నిలబడుతుంది. దొరకని నరం ఆయనకు దొరుకుతుంది. తీశాక దూదితో అద్ది, బల్ల తుడిచి, దుప్పటి సర్ది, నేల వంక ఒకసారి చూసి మరీ లేస్తాడు. పదకొండేళ్లలో ఒక్క చుక్క ఎక్కడా పడిందన్న మాట రాలేదు.

అంత పేరున్నవాడి బండి చుక్క కార్చడం మొదలుపెట్టింది.

మొదట చూసింది ఒక రిటైరైన డ్రాయింగు టీచరమ్మ. ఆవిడ ఇంటి ముందు తెల్లరాతి గచ్చు. బొంగరం మెట్లు దిగి వస్తుంటే పైనుంచి, "ఏమయ్యా, నా రక్తం పైన తీసుకుని నీ బండి రక్తం కింద పోశావా?" అంది. ఆయన వంగి చూశాడు. ఇంజను కింద శనగగింజంత నల్లటి నూనె చుక్క. తలకాయ కొట్టేసినట్టయింది. జేబులో దూది తీసి, స్పిరిట్ వేసి, మోకాళ్ల మీద కూర్చుని ఆ రాయి మెరిసేదాకా రుద్దాడు. ఆ వారంలోనే ఇంకో రెండిళ్ల వాళ్లు ల్యాబ్‌కి ఫోన్ చేశారు.

ల్యాబ్ ఇన్‌చార్జి మేడమ్ మంచిదే. అందుకే కేకలెయ్యలేదు.

"బండి కొత్తదేగా, వారంటీ ఉంది కదా. ఈ నెలాఖరులోపు బాగుచేయించండి. కాకపోతే ఒకటో తారీకు నుంచి మీరు కౌంటర్‌లో కూర్చోండి. అక్కడ ఎటూ మనిషి కావాలి" అంది.

మిగతా మాటలన్నీ ఒక ఎత్తు, ఆ "కూర్చోండి" ఒక్కటీ ఒక ఎత్తు. గాజు పలక వెనక గుండ్రటి కుర్చీ, ఎనిమిది గంటలు, చేతులు చాచినవాళ్లకు నంబర్లు ఇవ్వడం. దానికన్నా జైలు నయం, అక్కడ కనీసం పొద్దున పూట నడిపిస్తారు. అదీగాక బండి కొని ఆ నెల ముప్పయ్యో తారీకుకి సరిగ్గా రెండేళ్లు. తుమ్మితే ఊడే ముక్కులా ఉంది ఆ రెండేళ్ల వారంటీ.

ఇక్కడ ఆయన ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. రెండు గదుల వాటా. ముందు గదిలో కిటికీ పక్కన చేతుల కుర్చీలో తండ్రి ఉంటాడు. ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగులో ముప్పై ఏళ్లు లిఫ్ట్ నడిపాడు. ఇనప జాలీ తలుపులు, ఇత్తడి పిడి ఉన్న పాతకాలం లిఫ్ట్. రోజుకు రెండొందలసార్లు ప్రయాణం చేసి ఎక్కడికీ వెళ్లని మనిషి. ఆ ఇత్తడిని అద్దంలా తోమేవాడు. "మన చేతిలో వస్తువు మీద మరక ఉంటే అది మన మొహం మీద ఉన్నట్టేరా" అని కొడుక్కి చెప్పేవాడు. బొంగరానికి పదహారేళ్లప్పుడు ఆ లిఫ్ట్ రెండో అంతస్తు దగ్గర పట్టు తప్పి కిందికి జారింది. లోపల తండ్రి ఒక్కడే ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది. అప్పటినుంచి చేతికర్రతో బాత్రూమ్ దాకా నడవడం, మిగతా పొద్దంతా ఆ కుర్చీ. ఆయన కూర్చున్న రోజే ఈయన కూర్చోవడం మానేశాడని కోడలి లెక్క.

ప్రమాదానికి పదిహేను రోజుల ముందే ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి లిఫ్ట్ చూసి, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టి వెళ్లాడు. ఆ సంతకంతో ఆ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఊడింది. ఊడాల్సిందే అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. బొంగరం తల్లి పోయేదాకా ఆ మనిషిని తిడుతూనే ఉంది. ఆయన మార్కెట్ వెనక తాళంచెవులు చేసే కొట్టు పెట్టుకున్నాడు. ఇంటి తాళంచెవి పోతే బొంగరం నాలుగు వీధులు చుట్టి వెళ్లి వేరేచోట చేయించుకున్నాడు గానీ ఆ కొట్టు మెట్టెక్కలేదు.

సరే, బండి సంగతికొద్దాం. పన్నెండో తారీకున సెలవు పెట్టి ఇంటి నుంచి షోరూమ్‌కి బయల్దేరాడు. ముందురోజు సాయంత్రం గంటన్నర బండి కడిగాడు. పాత టూత్‌బ్రష్షుతో ఇంజను రెక్కల సందుల్లో రుద్దాడు. గుడ్డతో తుడిచాడు, ఆ గుడ్డ పిండి మళ్లీ తుడిచాడు. నూనె మట్టం కాస్త తగ్గినట్టు కనబడితే, తక్కువ నూనెతో బండి అప్పగించడం ఏం మర్యాదని డబ్బా కొని నింపాడు. భార్య గుమ్మంలో నిలబడి, "బండిని రిపేరుకి తీసుకెళ్తున్నారా, పెళ్లిచూపులకా?" అంది.

షోరూమ్ వెనకాల సర్వీసు షెడ్డు. టై కట్టుకున్న సూపర్‌వైజర్ ఒంగి చూశాడు, టార్చి వేసి చూశాడు.

"ఎక్కడ సార్ లీకు? అద్దంలా ఉంది."

"కారుతుందండీ. నేను చూశాను."

మట్టం చూసే కడ్డీ తీసి చూశాడు. "నూనె కూడా నిండుగా ఉంది." పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఉంచారు. ఏమీ లేదు. జాబ్ కార్డు మీద 'లీకు కనబడలేదు' అని రాసి చేతికిచ్చాడు. బొంగరం ఆ పది నిమిషాల్లో షెడ్డు చుట్టూ ఆరుసార్లు తిరిగాడు.

పందొమ్మిదిన మళ్లీ అలాగే వెళ్లాడు. మళ్లీ కడిగి, మళ్లీ నింపి. మళ్లీ అదే మాట. ఇరవై నాలుగున మూడోసారి. ఈసారి సూపర్‌వైజర్ కార్డు మీద 'కస్టమర్ అనుమానం మాత్రమే' అని రాశాడు. అది చదివేసరికి బొంగరానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అనుమానమా? మీలాంటి వాళ్లు చూడకుండా సంతకాలు పెట్టబట్టే మా నాన్న ఇరవై రెండేళ్లుగా కుర్చీలో పడున్నాడు! వారంటీ అయిపోయేదాకా తిప్పుదామనేగా మీ నాటకం?"

షెడ్డులో పానాల చప్పుడు ఆగిపోయింది. సూపర్‌వైజర్ మొహం ఎర్రబడింది గానీ నోరు జారలేదు. "మీ నాన్నగారి సంగతి నాకు తెలీదు సార్. నేను చూసిందే రాశాను" అన్నాడు. బొంగరం అక్కడే నిలబడి, ఫోన్‌లో కంపెనీ వాళ్లకు ఒక పెద్ద ఫిర్యాదు పంపాడు. ఈ సూపర్‌వైజర్ అబద్ధాలు రాస్తున్నాడు, చర్య తీసుకోండి అని.

ఇంటికొచ్చాక కూడా ఆ వేడి తగ్గలేదు. సాయంత్రం ఐదున్నర. ముందు గదిలో గోడ నుంచి గోడకు తిరుగుతున్నాడు, భార్య దారిలో ఉన్న గ్లాసులు తీసేస్తోంది.

"ఆరు రోజులు. ఆరే రోజులు. తర్వాత ఆ గాజు పలక వెనక నేను, మీరు వచ్చి చూసి పోండి."

"నేలంతా అరిగిపోతోంది, కాస్త నిలబడండి" అంది భార్య.

తండ్రి మాత్రం కొడుకుని చూడట్లేదు. కిటికీ ఊచకు ఆరేసిన గుడ్డను చూస్తున్నాడు. ఒకప్పుడు అది పసుప్పచ్చ తువ్వాలు. ఇప్పుడు సగం నల్లగా, జిడ్డుగా ఉంది.

"ఒరేయ్, ఆ గుడ్డ ఇలా ఇవ్వు."

"నూనె గుడ్డ నాన్నా, చేతులకంటుకుంటుంది."

"ఇవ్వమన్నానా."

ఇచ్చాడు. ముసలాయన దాన్ని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇదంతా తుడిచాకే బండి వాళ్లకి చూపించావా?"

"తుడవక? మురికి బండి తీసుకెళ్లి ఒకళ్ల చేతిలో పెడతామా?"

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ..." అని బొంగరం ఆగాడు. మాటే కాదు, కాళ్లు కూడా ఆగాయి. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోలేక. ఆయన కూడా తన తెలివితక్కువతనానికి నవ్వబోయాడు. కానీ తండ్రి నవ్వట్లేదు.

"నేనూ ఇదే చేశాన్రా."

"ఏంటి నాన్నా?"

"లిఫ్ట్‌కి. పైన మెషిన్ గదిలో గేర్లపెట్టె నుంచి నూనె కారేది. కారి బ్రేకు మీదకొచ్చేది. రోజూ పొద్దున్నే వెళ్లి తుడిచేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు చూడ్డానికొచ్చిన రోజు ఇంకాస్త బాగా తుడిచాను. నా లిఫ్ట్‌కి వంక పెట్టకూడదని."

"కారుతోందని చెప్పొచ్చుగా ఆయనకి!"

"చెబుదామనే పక్కన నిలబడ్డా. ఆయన గదంతా చూసి, 'ఇంత శుభ్రమైన మెషిన్ గది నేనెక్కడా చూళ్లేదయ్యా' అన్నాడు. ఆ మాట విన్నాక ఇంక నోరు రాలేదు." ముసలాయన గుడ్డను మడిచి, మళ్లీ విప్పాడు. "రెండు వారాలకి వరసగా రెండు సెలవులొచ్చాయి. ఎవరూ తుడవలేదు. మర్నాడు పొద్దున్నే తుడుద్దామని పైకి బయల్దేరాను. ఆ లిఫ్ట్‌లోనే."

బొంగరానికి తండ్రి మీద జాలి రావాల్సింది. రాలేదు. ముందు కోపం వచ్చింది, దాని వెనకే సిగ్గు వచ్చింది. తల్లి పెట్టిన శాపనార్థాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"మరి ఆ ఇన్‌స్పెక్టరుకి?"

"ఏమో. ఆసుపత్రికి ఒకసారి వచ్చాడు, పళ్లు పట్టుకుని. నేను కళ్లు మూసుకుని పడుకున్నా. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు."

బొంగరం చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. వీధి చివరి పాలబూత్ దాకా, అక్కడి నుంచి బస్‌స్టాప్ దాకా, మళ్లీ వెనక్కి, అలా ఎన్నిసార్లు తిరిగాడో ఆయనకే తెలియదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం తమ ఇంటి విద్య అని ఆయనకు అప్పుడే తెలిసింది. తిరిగొచ్చేసరికి తండ్రి అలాగే కూర్చుని ఉన్నాడు.

"బండి పనయ్యేదాకా ఈ గుడ్డ నా దగ్గరుంటుంది" అని, దాన్ని కుర్చీ దిండు కిందకి తోసేశాడు.

ఆ తర్వాతి రెండు రోజుల అవస్థ పగవాడికి కూడా వద్దు. బండి కింద నూనె ఊరుతుంది, ఇంజను పక్కగా జారుతుంది, దాని మీద దుమ్ము అట్ట కడుతుంది. తుడవకూడదు. సిగ్నల్ దగ్గర ఆగితే చెయ్యి దానంతటదే జేబులో దూది కోసం పోతుంది, ఆయన వెనక్కి లాక్కుంటాడు. ప్రతి ఇంటి ముందూ బండి కింద ఒక అట్టముక్క పరిచాడు. ల్యాబ్ మనిషి కదా, ఊరుకోలేక ఒక్కో అట్టముక్క మీదా శాంపిల్ లేబుల్ అంటించి తారీకు, టైము, ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో రాశాడు. డ్రాయింగు టీచరమ్మ ఒక అట్టముక్క ఎత్తి వెలుతురులో పట్టుకుని, "బాగానే వేశావయ్యా బొమ్మ" అంది. ఇరవై ఐదు కిలోమీటర్లు దాటాక గానీ చుక్క పడట్లేదని ఆ లేబుళ్ల వల్లే తెలిసింది. ఇంటి నుంచి షోరూమ్ రెండు కిలోమీటర్లు. అక్కడికి వెళ్లేసరికి ఇంజనుకి ఒళ్లు కూడా వెచ్చబడేది కాదు మరి.

ఇరవై ఏడున, రౌండు అయిపోగానే, వేడి మీదున్న బండిని, మట్టి కొట్టుకుపోయిన మొహంతో ఉన్న బండిని, సరాసరి షెడ్డులోకి తెచ్చి ఆపాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది. సూపర్‌వైజర్ లేచి నిలబడ్డాడు. ఈసారి మెడలో టై లేదు. మళ్లీ గొడవకొచ్చాడనుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తప్పు నాదండీ" అన్నాడు బొంగరం. "మూడుసార్లూ శుభ్రంగా తుడిచి, నూనె నింపి మీ దగ్గరికి తెచ్చాను. మీకు కనబడకపోవడంలో వింత లేదు. మీరు చూసిందే రాశారు."

సూపర్‌వైజర్ నోరు తెరుచుకుని చూశాడు. "అదేంటి సార్... ముందే చెప్పొచ్చుగా!"

మూడు రోజుల క్రితం తండ్రిని తను అడిగిందీ అదే మాట. బొంగరం అట్టముక్కలు బల్ల మీద వరసగా పేర్చాడు. చుక్క పడినవి పద్నాలుగు. షెడ్డులో అందరూ పెద్దమేస్త్రి అని పిలిచే నెరిసిన తలాయన వచ్చి, లేబుళ్లు చదివి, "రిపోర్టు కూడా నువ్వే రాసేశావుగా బాబూ, ఇంక మాకేం మిగిల్చావు?" అన్నాడు. ఆయన ఇంజను మీద ఒకవైపు మాత్రం తుడిచి, ఆరబెట్టి, దాని మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. బండి వేసుకుని అరగంట తిరిగొచ్చాడు. తెల్లటి పౌడరు మీద, సిలిండరు హెడ్డు అతుకు దగ్గర, వెంట్రుకంత నల్లటి గీత కిందికి దిగుతోంది.

"అతుకు మధ్య ఉండే గాస్కెట్ పోయింది. ఇంజను విప్పాలి. వారంటీలోనే వస్తుంది" అన్నాడు పెద్దమేస్త్రి. సూపర్‌వైజర్ కొత్త జాబ్ కార్డు మీద తారీకు వేసి ఆ మాటే రాశాడు.

"ఇంకో సంగతి సార్" అన్నాడు, తలెత్తకుండా. "మీ ఫిర్యాదు మీద నాకు మెమో వచ్చింది. ఎల్లుండిలోపు సమాధానం ఇవ్వాలి."

బొంగరం అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫోన్ తీసి, కంపెనీ వాళ్లకు ఒక్కో అక్షరం కొట్టుకుంటూ రాశాడు: నేను బండి తుడిచి చూపించాను, ఈయన చూసింది నిజం, రాసింది నిజం, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. పంపేముందు సూపర్‌వైజర్‌కి చదివి వినిపించాడు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆయన కుర్చీలోంచి లేవలేదు.

బండి రెండు రోజులు షెడ్డులో ఉంది. ఆ రెండు రోజులూ మేడమ్ ఆయన్ని కౌంటర్‌లోనే కూర్చోబెట్టింది. మొదటిరోజు పదకొండింటికల్లా గుండ్రటి కుర్చీ చక్రం ఒకటి ఊడింది. మిగతావాళ్లు ఆ చక్రాన్ని దాచి, బొంగరం తిరిగిన గుర్తు అని కాగితం అంటించారు.

ఇరవై తొమ్మిది సాయంత్రం బండి చేతికొచ్చింది. ముప్పయ్యో తారీకు పొద్దున పద్దెనిమిది ఇళ్లు తిరిగి, నలభై కిలోమీటర్లు దాటించి, ఇంటి ముందు కొత్త అట్టముక్క మీద బండి ఆపాడు. గంటసేపు గుమ్మానికీ బండికీ మధ్య తిరిగాడు. పన్నెండుసార్లు వంగి చూశాడు. తర్వాత లోపలికి వెళ్లాడు.

"ఉందా?" అని అడిగాడు తండ్రి.

"లేదు నాన్నా."

"చూసి చెప్తున్నావా, తుడిచి చెప్తున్నావా?"

బొంగరం బయటికి వెళ్లి, ఆ అట్టముక్క తెచ్చి తండ్రి ఒళ్లో పెట్టాడు. ముసలాయన కళ్లజోడు పెట్టుకుని రెండువైపులా తిప్పి చూశాడు, వేలితో రాసి చూశాడు. పొడిగా ఉంది. దిండు కింది నుంచి ఆ నల్లగుడ్డ తీసి కొడుక్కి ఇవ్వబోయి, మళ్లీ తన దగ్గరే పెట్టుకున్నాడు. చాలాసేపు కిటికీ లోంచి బండి వంక చూశాడు.

"ఆ తాళంచెవుల కొట్టు ఇంకా ఉందిరా?"

"ఉంది నాన్నా. మొన్ననే అటు వెళ్తూ చూశాను."

"ఆయనే కూర్చుంటున్నాడా?"

"ఆయనే."

ముసలాయన చేతికర్ర అందుకుని, కుర్చీ చేతుల మీద బరువు వేసి, మెల్లగా లేచాడు.

"నీ బండి వెనక నేను కూర్చోగలనంటావా?"

"నన్ను పట్టుకుని కూర్చోవాలి" అన్నాడు బొంగరం. రెండో హెల్మెట్ ఎక్కడుందో భార్యను అడగడానికి వంటింట్లోకి వెళ్లాడు.